పాపా అను పిలుపు – రోము పీఠము

క్రీస్తుశకము 258వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన, ఆఫ్రికా ఉత్తరతీరమందలి కార్తేజి నగరపు పొలిమేరలో, రోమక చక్రవర్తి పక్షమున ఆ రాష్ట్రమును పాలించుచుండిన గలేరియస్ మాక్సిమస్ అను అధికారి యెదుట ఒక ముద్దాయిని నిలువబెట్టిరి. ముద్దాయి పేరు సిప్రియను. పూర్వాశ్రమమున అలంకారశాస్త్రమును బోధించి కీర్తి గడించినవాడు, కలిగిన యింటివాడు, నాటికి సుమారు పదియేండ్లుగా ఆ నగరపు క్రైస్తవులకు పీఠాధిపతి. అధికారి మొదట పేరడిగెను. ఆ పేరు తనదేయని అతడొప్పుకొనెను. దైవద్రోహబుద్ధి గల యీ జనులకు ‘పాపా’వై కూర్చుండినవాడవు నీవేనా యని రెండవమారు అడిగెను, నేనేయని అతడు బదులు చెప్పెను. రోమక దేవతలను ఆరాధింపనని కూడ చెప్పినందున ఖడ్గముతో శిరశ్ఛేదము చేయవలసినదని తీర్పు వెలువడెను. సిప్రియను తన శిరస్సును ఖండింపవచ్చిన తలారికి 25 బంగారు నాణెములిండని తనవారితో చెప్పి, భక్తులు తన ముందర నేలపై నారబట్టలును చేతిరుమాళ్లును పరచుచుండగా, కన్నులకు గంత కట్టించుకొని మరణించెను.

ఈ విచారణను వర్ణించు వ్రాత నేటికిని నిలిచియున్నది. క్రైస్తవలోకమున మహోన్నతమని నేడు ప్రసిద్ధి కెక్కిన బిరుదము అందులో ఒక శత్రువు నోట, నేరారోపణ రూపమున వినవచ్చుట మొదటి వింత. ఆ బిరుదము ధరించినవాడు రోమునగరపు పీఠాధిపతి కాకపోవుట రెండవ వింత. మనమిప్పుడు పోపుగారు అనగానే వాటికన్ నగరమును, ఉన్నిబట్ట ధవళాంగీని, పునీత పేతురు దేవాలయపు గవాక్షమును తలచుకొందుము. మూడవ శతాబ్దమునందలి మధ్యధరా సముద్రతీరవాసులకు ఆ మాట వినగానే తలపునకు వచ్చినది ఎవరికి వారి ఊరి పీఠాధిపతియే.

ఇంకను చిత్రమేమనగా, రోమువారే కార్తేజి పీఠాధిపతిని ఆ మాటతో సంబోధించియున్నారు. 250వ సంవత్సరము జనవరి మాసమున, డెసియస్ చక్రవర్తి క్రైస్తవులను హింసించిన కాలమున, రోము పీఠాధిపతియైన ఫేబియను మరణించెను. భయముచేత ఏడాదికి పైగా ఆ స్థానమున మరియొకని నిలుపలేక, అచటి గురువులును డీకనులును తామే సంఘమును నడుపుచు, కష్టసమయమున సలహాలకై కార్తేజికి లేఖలు వ్రాసిరి. ఆ లేఖల శిరోభాగమున వారు వ్రాసిన సంబోధన పాపా సిప్రియనునకు అనియే. ఆ తరువాత కొలదియేండ్లకే మతభేదులిచ్చిన జ్ఞానస్నానము చెల్లునా చెల్లదా యను విషయమున రోము పీఠాధిపతి స్తెఫనునకును సిప్రియనునకును తీవ్రమైన వివాదము చెలరేగెను. 256లో కార్తేజియందు 87 మంది బిషప్పులు సమావేశమైనప్పుడు, తమలో నెవ్వడును బిషప్పులకు బిషప్పునని చెప్పుకొనువాడు కాడని సిప్రియను సభాముఖమున పలికెను. రోము పేరెత్తకయే రోమునకు తగులునట్లు పలికిన మాట అది. పాపాయని తన్ను వేలమంది పిలుచుచుండగా ఆ పిలుపును అధికారమునకు నిచ్చెనగా చేసికొననివాడు ఆతడని నేననుకొందును.

ఇంతకును ఈ మాట పుట్టినది దేవాలయమున గాదు, ఇంటి వసారాలో. గ్రీకు భాషలో ‘పప్పాస్’ అనగా బిడ్డలు తండ్రిని ముద్దుగా పిలుచు మాట. హోమరు ‘ఒడిస్సీ’ ఆరవ సర్గయందు నౌసికాయను రాకుమార్తె బట్టలుతుకుటకై ఏటికి పోవ బండి కావలెనని తండ్రిని అడుగుచు, రాజా యనక, ఈ ముద్దుపేరుతోనే సంబోధించును. క్రీస్తునకు కొన్ని వందల యేండ్ల పూర్వమునుండియే నలిగిన మాటను గ్రీకు మాటలాడు క్రైస్తవులు తమ గురువులకు చెల్లించిరన్నమాట. అది ఎవరును ఏ సభలోను తీర్మానించి యొసగిన పదవి గాదు. పిలువగా పిలువగా నిలిచిన వరుస. నేటికిని గ్రీకు పల్లెలలో గడ్డము పెంచుకొని, పెండ్లాముబిడ్డలతో కాపురముండు సామాన్యపు ఊరి గురువు ‘పపాస్’ అనియే పిలువబడుచున్నాడు. రష్యాలో ఈ మాటయే ‘పోప్’ అయి, పల్లెటూరి పూజారికి చెల్లి, కాలక్రమమున కొంత వెటకారమును గూడ మూటగట్టుకొన్నది. పిసినారి పోపును తెలివిగల పాలేరు బాల్డా ఏడిపించిన కథను పుష్కిను పద్యరూపమున వ్రాసినది ఆ వెటకారమును పురస్కరించుకొనియే. ఒకే మాట పడమటి దిక్కున సింహాసనమెక్కి, తూర్పుదిక్కున ఊరిబావి గట్టున నిలిచిపోయినది.

ఇక ఈ పిలుపు పదవీనామముగా మొదట గట్టిపడిన చోటు రోముగాక ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరమని చెప్పవలసియున్నది. ఆ నగరపు పీఠాధిపతియైన దియొనీసియస్, తనకు పూర్వము ఆ పీఠమున నుండిన హెరాక్లాసును పుణ్యాత్ముడైన మా పాపా యని ఒక లేఖయందు పేర్కొనెను. సంఘచరిత్రకారుడైన యూసేబియస్ తన గ్రంథమున చేర్చుటవలన ఆ లేఖాభాగము మనకు దక్కినది. హెరాక్లాసు పాలించినది సుమారు 232 మొదలు 248 వరకు. దియొనీసియస్ ఆ లేఖ వ్రాసినది రోములోని ఫిలేమోను అను గురువునకు. వ్రాసినవాడు గాని చదివినవాడు గాని ఆ మాట రోము పీఠపు సొత్తని తలపలేదు.

అలెగ్జాండ్రియాలో ఈ నామము వేరూనుటకు తగిన కారణము లేకపోలేదు. నైలునది పొడవునగల సంఘములన్నియు ఆ యొక్క పీఠమునకే లోబడియుండెను. ఊరూర బిషప్పులున్నను వారందరిని నియమించువాడు అలెగ్జాండ్రియావాడే. 325లో నికేయా మహాసభ తన ఆరవ నిబంధనయందు ఈజిప్టు, లిబియా, పెంటపోలిసు ప్రాంతములపై అలెగ్జాండ్రియా పీఠమునకు గల అధికారమును స్థిరపరచుచు, రోము పీఠమునకును అట్టి ఆచారమే కలదని ఉపమానము చూపినది. 451లో కాల్సెడాను మహాసభలో క్రీస్తు స్వభావమును గురించి పుట్టిన చీలిక ఆ పీఠమును రెండుగా చేసెను. నాటినుండి కోప్తు సంఘమునకొక పాపాయు, గ్రీకు సనాతన సంఘమునకొక పాపాయు వేరువేరుగా పరంపర సాగించుచున్నారు. కోప్తులలో నేటి పాపా రెండవ తవద్రోసు ఆ పరంపరలో 118వ వాడు. ఆయనను ఎన్నుకొనిన తీరు చూడదగినది: 2012 నవంబరు 4న కైరోలో ప్రార్థన ముగిసిన పిమ్మట, ఓట్లలో ముందునిలిచిన ముగ్గురి పేర్లను గాజుపాత్రయందుంచి, కన్నులకు గంత కట్టిన ఒక చిన్నవానిచేత ఒక చీటిని తీయించిరి. ఆ చీటిలో ఎవరి పేరున్నదో వాడే పాపా. మరుసటియేడు మే 10న ఆయన వాటికనుకు పోయి రోము పాపా ఫ్రాన్సిసును కలిసెను. సరిగా నలువదియేండ్ల క్రిందట, 1973లో అదే తేదీన, షెనూదా, ఆరవ పౌలు అను ఇద్దరు పాపాలు ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసియుండిరి.

రోము పీఠాధిపతికే ఈ మాట చెల్లుట మొదట కానవచ్చునది ఒక సమాధిఫలకముపై. అప్పియన్ బాటకు చేరువనున్న కల్లిస్తుస్ భూగర్భ శ్మశానవాటిక పంతొమ్మిదవ శతాబ్దమున జొవాన్ని బత్తీస్తా దె రోస్సి యను పురాతత్త్వవేత్త పరిశోధనలవలన ప్రసిద్ధి కెక్కినది. మెత్తని రాతిమన్నును తొలిచిన సన్నని సొరంగములు, ఇరుప్రక్కల అరలు అరలుగా గోరీలు, అక్కడక్కడ పైనుండి వెలుతురు దిగుటకు నిలువునా త్రవ్విన గవాక్షములు. అచట సెవెరుస్ అను డీకను తన కొరకును తన కుటుంబము కొరకును జంటగది యొకటి తొలిపించుకొనెను. దానిలో వంపుగూళ్లును, వెలుతురు గవాక్షమును గలవు. చిన్నవయసుననే మరణించిన కుమార్తె సెవేరా అచటనే నిద్రించుచున్నది. ఇదంతయు తన పాపాయైన మార్సెల్లీనుని ఆజ్ఞవలన చేసితినని అతడు చలువరాతిపై చెక్కించెను. మార్సెల్లీనుడు 296 మొదలు 304 వరకు రోము పీఠాధిపతి. ‘పాపా’ అను పదమును పూర్తిగా చెక్కక రెండు ‘ప’కారములతో కుదించిన ఆ పద్ధతియే పిమ్మటి పాపాల సంతకములలో పేరు ప్రక్కన నిలిచిపోయినది. నన్ను మాత్రము ఆ శాసనమున ఆకర్షించునది వేరొక చిన్నమాట. సెవెరుస్ ‘పాపా’ యని ఊరకొనలేదు, ‘తన పాపా’ యనెను. తనవాడని విడదీసి చెప్పవలసి వచ్చినదనగా ఇతరులకు ఇతర పాపాలున్నారనుట స్పష్టముగదా!

నాలుగవ శతాబ్దాంతమున రోము పీఠమెక్కిన సిరీసియస్ కాలమునుండి ఈ నామము రోమువారి లేఖలలో తరచు కానవచ్చును. అయినను అప్పటికిని అది వారి సొంతము గాలేదు. దానిని రోముకు కట్టబెట్టినది శాసనముకంటె చరిత్రగమనమే. పడమటి దిక్కున అపోస్తలులు స్థాపించిరను ప్రతిష్ఠ గల పీఠము రోమొక్కటియే. పోటీకి నిలువగల కార్తేజి 439లో వాండలుల పాలై, 698లో అరబ్బుల చేజిక్కి క్రైస్తవచరిత్రనుండియే జారిపోయెను. 330లో కాన్‌స్టాంటినోపిలు రాజధాని యగుటతో చక్రవర్తి తూర్పునకు తరలిపోగా, పడమట మిగిలిన పెద్దదిక్కు రోము పీఠాధిపతి యయ్యెను. లాటిను మాటలాడు దేశములలో ఇతర బిషప్పులను పాపాయని పిలుచు అలవాటు క్రమముగా సన్నగిల్లెను.

ఈ క్రమమున రోము పీఠాధిపతి మొదటి గ్రెగరీ ప్రవర్తన నిలిచి చూడదగినది. 590 మొదలు 604 వరకు పాలించిన ఈ మహానుభావుడు, కాన్‌స్టాంటినోపిలు పీఠాధిపతియైన యోహాను తన్ను విశ్వపీఠాధిపతినని చెప్పుకొనుచుండుటను తీవ్రముగా ఖండించెను. అటుపిమ్మట అలెగ్జాండ్రియా పీఠాధిపతి యూలోగియస్ మర్యాదకై గ్రెగరీనే విశ్వపాపా యని సంబోధించి వ్రాయగా, సంతసించుటకు మారుగా నొచ్చుకొని, ఇతరుల గౌరవమును తగ్గించి నాకిచ్చు గౌరవము నాకు గౌరవము గాదను అర్థము వచ్చునట్లు ప్రత్యుత్తరమిచ్చెను. తన లేఖలలో ఆయన వాడుకొనిన బిరుదము ‘దేవుని దాసులకు దాసుడు’ అనునది. ఇందు వినయముతోపాటు కొంత రాజకీయ చాతుర్యమును గలదని ఎత్తిపొడుచువారున్నారు, ఉండవచ్చును. కాని పెద్దబిరుదము తనంతట వచ్చినప్పుడు వలదన్నవారు చరిత్రలో ఎందరు?

ఆ పేరు గల ఏడవవాని దారి వేరు. హిల్డెబ్రాండు అను పూర్వనామము గల ఏడవ గ్రెగరీ లేఖల చిట్ఠాలో 1075వ సంవత్సరమున 27 చిన్నవాక్యములు చేర్చబడియున్నవి. ఏ ప్రయోజనముతో చేర్చబడినవో చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. వాటి ధాటిని గురించి మాత్రము సందేహము లేదు. చక్రవర్తులను పదభ్రష్టులను చేయు అధికారము పాపాకు గలదు. రాజులందరు ఆయన పాదములనే ముద్దుపెట్టుకొనవలెను. ఈ నామము లోకమున నొక్కటియే. ఎనిమిది శతాబ్దములుగా జనులు ఇచ్చుచుండిన పిలుపు ఇచ్చట మొట్టమొదటిసారిగా, మరియొకరికి చెందని హక్కుగా కాగితమున కెక్కినది. దాని ఫలము వెంటనే కానవచ్చెను. బిషప్పులను నియమించు అధికారము ఎవరిదను కలహమున సంఘబహిష్కృతుడైన జర్మను రాజు నాలుగవ హెన్రీ, 1077 జనవరి చలిలో ఆల్ప్సు దాటి వచ్చి, కనొస్సా కోట వాకిట మూడుదినములు పశ్చాత్తాపవేషమున నిలిచి క్షమాభిక్ష వేడెను. ఇంతవరకు అందరు చెప్పుదురు. ఆ హెన్రీయే 1084లో సైన్యముతో రోమును పట్టుకొని, మూడవ క్లెమెంటను పేర తన పక్షపు పాపాను పీఠమున కూర్చుండబెట్టెననియు, ఏడవ గ్రెగరీ మరుసటియేడు సలెర్నోలో ప్రవాసమున మరణించెననియు చెప్పువారు తక్కువ. ఈ నామము లోకమున నొక్కటియే యన్నవాడు తాను బ్రదికియుండగనే రెండవవానిని చూడవలసివచ్చెను.

అధికారము పెరిగినకొలది తక్కిన బిరుదములు చుట్టునుజేరెను. క్రీస్తు పూర్వము 63లో జూలియస్ సీజరు ఎన్నికై సంపాదించినదియు, పిమ్మట చక్రవర్తులందరు ధరించినదియు, నాలుగవ శతాబ్దమున గ్రేషియను చక్రవర్తి విడనాడినదియునైన ‘పొంటిఫెక్స్ మాక్సిమస్’ అను రోమక పురోహితపదవి పేరు, పునర్వికాసయుగపు పాపాల కట్టడములపై మరల మెరసెను; అందులో సగము 2012లో ట్విట్టరు ఖాతా పేరుగా గూడ తేలెను. పేతురు ప్రతినిధియను పూర్వపు మాటకు మారుగా క్రీస్తు ప్రతినిధియను మాటపై మూడవ ఇన్నొసెంటు మక్కువ చూపెను. ఇవియన్నియు పైపై ఆభరణములు. జనుల నోట నిలిచినది పాపా యొక్కటియే.

1378 మొదలు 1417 వరకు నడచిన మహావిభేదమున రోములో ఒకడు, అవిన్యోనులో ఒకడు, 1409 తరువాత పీసా పక్షమున మరియొకడు, ఒక్కొక్కడు తానే నిజమైన పాపానని తక్కిన యిద్దరిని బహిష్కరించుచు వచ్చిరి. కాన్‌స్టెన్సు మహాసభ 1417 నవంబరులో ఐదవ మార్టినును ఎన్నుకొని ఈ గొడవ తీర్చెను. పీసా పక్షమువాడు ఇరువదిమూడవ యోహానను పేరు ధరించియుండుటచేత ఆ పేరును ముట్టుకొనుటకు అయిదువందల యేండ్లకు పైగా ఎవరికిని మనసొప్పలేదు. 1958లో రొంకాల్లి యను వృద్ధుడు నిస్సంకోచముగా అదే పేరును, అదే సంఖ్యను గ్రహించి ఆ చిక్కును విప్పెను.

ఒక దేశమున ఈ మాటను చాకుతో గీకివేసిరి. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ రోముతో తెగదెంపులు చేసికొన్న పిమ్మట, 1535లో పూజాగ్రంథములన్నింటినుండి పాపా యను పేరును తుడిచివేయవలసినదని ఆజ్ఞాపించెను. చర్మపత్రములపై ఆ యొక్క మాట ఉన్నచోట గీకిన గరుకు, లేక అడ్డముగా లాగిన సిరాగీత గల పుస్తకములు నేటికిని ఆ దేశపు గ్రంథాలయములలో గలవు. కొందరు గురువులు రాజుకు వెరచి గీత గీసియు, క్రింద అక్షరములు చదువవచ్చునంత పలుచగా గీసిరి!

తెలుగుదేశమున ఈ నామము రెండు మూడు వేషములు ధరించినది. కతోలిక క్రైస్తవులు పాపుగారు అనియు, జగద్గురువులు, విశ్వగురువులు అనియు గౌరవబహువచనముతో వ్యవహరింతురు. శంకరాచార్యులకు చెల్లు బిరుదము రోము పీఠాధిపతికి చెల్లుట మనవారికి వింతగా తోపలేదు. పీఠమన్నను, గురువన్నను మనకు తెలిసిన గౌరవములే గదా. సంఘమునకు శ్రీసభయనియు, బిషప్పు ఏలుబడికి మేత్రాసనమనియు వారు చెప్పు మాటలలో రెండవది కేరళదేశపు సురియానీ క్రైస్తవుల మెత్రాన్ అను మాటకు చుట్టము. నెల్లూరి బాప్తిస్టులకు గాని, గుంటూరి లూథరనులకు గాని పాపాతో పనిలేదు. వారికి అయ్యగారు, పాస్టరుగారు చాలును. ఆంగ్లికనులలో వేదనాయకం అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, నిజాము రాజ్యమందలి దోర్నకల్లు కేంద్రముగా పాలించి, ఆ సంఘమున బిషప్పు పదవి పొందిన తొలి భారతీయులైరి.

రోములో ఇటీవలి గాలి కొంత వెనుకకు తిరిగినది. 1964లో ఆరవ పౌలు మూడంతస్తుల కిరీటమును తలనుండి తీసి బలిపీఠముపై పెట్టెను. అటు తరువాత ఏనాడును పట్టాభిషేకము లేదు. ‘పశ్చిమ పాట్రియార్కు’ అను బిరుదమును 2006లో పదునారవ బెనెడిక్టు పట్టికనుండి తొలగింపగా, 2024లో ఫ్రాన్సిసు మరల చేర్పించెను. ఆ ఫ్రాన్సిసే 2013 మార్చి 13న గవాక్షమున నిలిచి తన్ను రోము బిషప్పునని మాత్రమే చెప్పుకొనెను; 2020 నాటి వాటికన్ వార్షిక గ్రంథమున క్రీస్తు ప్రతినిధి మొదలగు బిరుదములు చారిత్రక బిరుదములను శీర్షికక్రింద పేజీ అడుగున చేరినవి. నా మట్టుకు నాకు ఇది సముచితముగనే తోచుచున్నది: కార్తేజియందును అలెగ్జాండ్రియాయందును ఊరిపేరుతోనే పాపాలుండిరి.

2025 ఏప్రిలు 21న ఫ్రాన్సిసు మరణింపగా, మే 8న పదునాలుగవ లియోను ఎన్నుకొనిన 133 మంది కార్డినళ్లలో నలుగురు భారతీయులు. ఆ నలుగురిలో ఒకరు కర్నూలు సీమయందు జన్మించి, 2022 ఆగస్టు 27న కార్డినలైన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు. పాపాను ఎన్నుకొను సభలో తెలుగువాడు ఓటు వేయుట అదియే మొదటిసారి.